జారుతున్న కారును పట్టుకోవడం

వాన పడిన రోడ్డు మీద కారు వెనక భాగం పక్కకు జారితే స్టీరింగ్ ఎటు తిప్పాలి? కారు నడపడం నేర్చుకున్న వాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్నే ఇది. జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: వెనక భాగం ఎటు జారుతుంటే అటే తిప్పాలి. తోక కుడికి పోతుంటే కుడికి, ఎడమకు పోతుంటే ఎడమకు. ఇది అర్థం కావడానికి అయిదు నిమిషాలు చాలు. అయినా కారు నిజంగా జారిన క్షణాన, ఈ జవాబు తెలిసినవాళ్లు కూడా బ్రేకు తొక్కేసి స్టీరింగ్‌ను బిగబట్టి కూర్చుంటారు. కొందరు సరైన వైపే తిప్పుతారు గానీ ఆలస్యంగా తిప్పుతారు. తిప్పినదాన్ని మళ్లీ సరిచేయడంలో ఇంకా ఆలస్యమవుతుంది. ఈలోగా బండి రెండో వైపుకు విసురుకుపోతుంది. తలకు తెలిసిన పని చేతికి ఎందుకు రాదు?

డ్రిఫ్టింగ్ అనే క్రీడకు ఈ ప్రశ్నే ఆయువుపట్టు. ఇందులో డ్రైవరు కారును కావాలనే జారనిచ్చి, ఆ జారుడును మలుపు పొడవునా నిలిపి ఉంచుతాడు. కారు ముక్కు మలుపు లోపలి వైపు చూస్తుంటుంది. ముందు చక్రాలు దానికి వ్యతిరేకంగా బయటివైపు తిరిగి ఉంటాయి. వెనక చక్రాలు పొగలు కక్కుతుంటాయి. బండి మాత్రం అనుకున్న దారి తప్పకుండా సాగిపోతుంది. చూసేవాళ్లకు అదుపు తప్పినట్టు కనిపించే ఆ స్థితిలో నిజానికి ఏం జరుగుతుందో, ఆ నేర్పు మనిషి ఒంటికి ఎలా పడుతుందో తెలుసుకోవాలంటే ముందు టైరు దగ్గరికి వెళ్లాలి.

నాలుగు అరచేతుల రబ్బరు

మామూలు కారులో ఒక్కో టైరు నేలను తాకే మేర ఇంచుమించు అరచేయంత. టన్ను బరువున్న బండి కదలాలన్నా, ఆగాలన్నా, తిరగాలన్నా ఆ కాస్త రబ్బరే ఆధారం. దాని పట్టుకు ఒక హద్దుంది. ఆ పట్టులో కొంత బండిని ముందుకు నెట్టడానికో ఆపడానికో ఖర్చయితే, పక్కకు జారకుండా నిలబెట్టడానికి మిగిలేది ఆ మేరకు తగ్గుతుంది. మలుపు మధ్యలో గట్టిగా బ్రేకు తొక్కకూడదని పెద్దలు చెప్పేది ఇందుకే.

మలుపులో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు కూడా టైరు తాను చూస్తున్న దిక్కుకే కచ్చితంగా పోదు. రబ్బరు సాగి మెలితిరగడం వల్ల, చక్రం చూస్తున్న దిక్కుకూ పోతున్న దిక్కుకూ మధ్య చిన్న కోణం ఏర్పడుతుంది. దీన్ని జారుడు కోణం అనుకోవచ్చు. ఇంజనీర్లు స్లిప్ యాంగిల్ అంటారు. ఈ కోణం పెరిగే కొద్దీ బండిని మలుపులోకి లాగే బలం పెరుగుతుంది. పొడి తారురోడ్డు మీద మామూలు టైరుకు ఈ పెరుగుదల సుమారు 6 నుంచి 10 డిగ్రీల దాకా సాగుతుంది. ఆ శిఖరం దాటాక బలం పెరగడం మాని తగ్గుముఖం పడుతుంది. రోజువారీ ప్రయాణమంతా శిఖరానికి ఎంతో ఇవతల, రెండు మూడు డిగ్రీల్లోనే గడిచిపోతుంది. డ్రిఫ్టింగ్‌లో వెనక టైర్లు శిఖరానికి అవతల, 30, 40 డిగ్రీల దగ్గర కూడా పనిచేస్తుంటాయి. ఇరవై ఏళ్లు బండి నడిపినవాళ్లకు సైతం ఆ అవతలి పక్కతో పరిచయం ఉండదు. అక్కడి నియమాలు వేరు.

ఇవతలి పక్క స్టీరింగ్ తిప్పితే కారు తిరుగుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే వేగం పెరుగుతుంది. అవతలి పక్క ఈ పనులు చేతులు మారతాయి. ఇంజను బలం వెనక చక్రాలకు అందే బండిలో, అంటే రేర్ వీల్ డ్రైవ్ కారులో, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక చక్రాలు నేల మీద పట్టు లేకుండా గిర్రున తిరుగుతాయి. రబ్బరు పట్టులో ఎక్కువ భాగం ఆ తిరుగుడుకే పోయి, పక్క బలం సన్నగిల్లి, తోక బయటికి వెళ్తుంది. కాలు కాస్త సడలిస్తే పట్టు తిరిగివచ్చి తోక లోపలికి వస్తుంది. కారు ఎంత వంకరగా ఉండాలో తేల్చేది ప్రధానంగా కుడికాలు. బండి పోవలసిన దిక్కుకు ముందు చక్రాలను చూపించి ఉంచడం చేతుల పని. కారును తిప్పేది స్టీరింగేనన్న నమ్మకాన్ని నేర్చుకునేవాళ్లు మొదటి రోజే పక్కన పెట్టాలి. అది అంత సులభంగా పోయే నమ్మకం కాదు.

ఒకప్పుడు మన రోడ్ల మీద తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వెనక చక్రాల బండ్లే. మారుతి 800 మొదలుకొని ఇప్పటి చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాల బండ్లు. వాటిలో హ్యాండ్‌బ్రేక్ లాగి తోకను విసరొచ్చు గానీ, ఆ జారుడును యాక్సిలరేటర్‌తో నిలిపి ఉంచడం కుదరదు. ఇంజను బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే, ఇరుసు మధ్యనుండే డిఫరెన్షియల్ సంగతి కూడా చూసుకోవాలి. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో మలుపు లోపలివైపు చక్రం తేలికపడి, అదొక్కటే వృథాగా తిరుగుతుంది. రెండు చక్రాలనూ దాదాపు జంటగా తిప్పే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంటేనే జారుడు నిలకడగా వస్తుంది. ఆ భాగం లేని బండితో ఎంత శ్రమపడినా లోపం బండిదా మనిషిదా అన్నది నేర్చుకునేవాళ్లకు తేలదు.

ఘాట్ రోడ్ల నుంచి సర్క్యూట్లకు

తోకను జారనిచ్చి మలుపు తిరగడం రేసు డ్రైవర్లకు, ముఖ్యంగా మట్టి, మంచు దారుల్లో ర్యాలీలు చేసేవాళ్లకు, ఎప్పటినుంచో తెలుసు. దాన్ని విడిగా ఒక విద్యగా తీర్చింది జపాన్. అక్కడ 1970లలో కునిమిత్సు తకహాషి అనే డ్రైవరు మలుపులోకి మిగతావాళ్ల కన్నా వేగంగా దూసుకొచ్చి, తోకను విసిరి, కారు ముక్కును ముందే బయటికి వెళ్లే దిక్కుకు తిప్పేసుకునేవాడు. 1940లో పుట్టిన తకహాషి మొదట మోటార్‌సైకిల్ రేసర్. 1961లో పశ్చిమ జర్మనీలో హోండా 250 సీసీ బండి మీద గెలిచి, మోటార్‌సైకిల్ గ్రాండ్ ప్రీ గెలుచుకున్న మొదటి జపానీయుడయ్యాడు. మరుసటి ఏడాది ఐల్ ఆఫ్ మ్యాన్‌లో తీవ్రంగా గాయపడి, తర్వాత కార్ల వైపు వచ్చాడు.

ఆయన్ని చూసి స్ఫూర్తి పొందినవాడు కెయిచి త్సుచియా. 1956లో నగానో ప్రాంతంలో పుట్టాడు. కొండలూ ఘాట్ రోడ్లూ ఉన్న చోటు కాబట్టి సాధనంతా ఆ మలుపుల్లోనే సాగింది. ఆయన పేరుతో ముడిపడిపోయిన కారు టొయోటా ఏఈ86. 1983 నుంచి 1987 దాకా తయారైన ఈ కారు బరువు టన్ను లోపే, ఇంజను 1.6 లీటర్లే. తక్కువ బలమున్న తేలికపాటి బండి కాబట్టి జారుడును నిలబెట్టాలంటే వేగాన్ని ఏమాత్రం వృథా చేయకూడదు. బలమైన ఇంజను కప్పిపుచ్చే తప్పులను ఈ కారు కప్పిపుచ్చదు. త్సుచియా విన్యాసాలతో 1987లో వచ్చిన ‘ప్లస్‌పీ’ వీడియో జపాన్ కుర్రకారును ఊపేసింది. పత్రికా సంపాదకుడు దైజిరో ఇనాదాతో కలిసి త్సుచియా నెలకొల్పిన డీ1 గ్రాండ్ ప్రీ పోటీలు 2000లో మొదలయ్యాయి. అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ 2004లో వచ్చింది. ఈ పోటీల్లో గడియారంతో పని లేదు. ఎంచుకున్న దారి, కారు కోణం, తీరు చూసి న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు.

ఘాట్ రోడ్డు మీద చేసే సాధనలో తప్పుకు చోటు లేదు. ఒక పక్క కొండ, మరో పక్క లోయ, ఎదురుగా ఎవరు వస్తున్నారో తెలియని మలుపు. ఫుకుషిమా ప్రాంతంలోని ఎబిసు సర్క్యూట్ లాంటి చోట్ల, కొండవాలు మీద వేర్వేరు చిన్న ట్రాకులు వెలిసి, కొత్తవాళ్లు బండిని గింగిరాలు తిప్పుకుంటూ నేర్చుకునే వీలు కల్పించాయి. ఈ క్రీడ బతికి బట్ట కట్టడానికి వీరుల కథల కన్నా ఇలాంటి మైదానాలే ఎక్కువ తోడ్పడ్డాయి.

అరచేతిలో కర్ర

పొడవాటి కర్రను అరచేతి మీద నిలువుగా నిలబెట్టే ఆట పల్లెల్లో పిల్లలందరికీ తెలుసు. కర్ర కుడికి ఒరిగితే చెయ్యి కుడికే పరుగెత్తాలి. ఎడమకు లాగితే కర్ర ఇంకా తొందరగా పడుతుంది. జారే కారులో స్టీరింగ్‌ను తోక జారుతున్న వైపే తిప్పాలనే నియమం వెనకున్నదీ ఇదే సూత్రం. నిటారు కర్ర, జారే కారు రెండూ అస్థిర సమతౌల్యంలో ఉన్నవే. వాటంతట అవి నిలబడవు, ఎవరో ఒకరు క్షణక్షణం నిలబెడుతుండాలి.

పోలిక ఇంకా ముందుకు సాగుతుంది. కర్ర ఆట బాగా వచ్చిన పిల్లవాడి చెయ్యి బయటికి కదలనట్టు కనిపించినా నిజానికి ఎప్పుడూ చిన్నచిన్నగా కదులుతూనే ఉంటుంది. మంచి డ్రిఫ్ట్ డ్రైవరు కుడికాలూ అంతే. దూరం నుంచి వింటే ఇంజను ఒకే శ్రుతిలో మోగుతున్నట్టుంటుంది. దగ్గరగా చూస్తే పాదం వెంట్రుకవాసి మేర పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. కొత్తవాళ్ల దిద్దుబాట్లు పెద్దవి, ఆలస్యమైనవి. కర్ర కుడికి ఒరిగిందని చెయ్యి మరీ దూరం పోతే కర్ర ఎడమకు పడుతుంది. కారులోనూ తోకను ఆపడానికి తిప్పిన స్టీరింగ్‌ను వేళకు సడలించకపోతే, పట్టు దొరికిన వెనక చక్రాలు బండిని రెండో వైపుకు మొదటిదానికన్నా పెద్ద విసురుతో తిప్పేస్తాయి. వాన రోడ్ల మీద చాలా కార్లు డివైడరును గుద్దుకునేది ఈ రెండో విసురులోనే.

చీపురు కర్రను నిలబెట్టినంత సులువుగా పెన్సిల్‌ను నిలబెట్టలేరు. పొట్టి కర్ర ఒరగడం మొదలుపెడితే అందుకునే లోపే పడిపోతుంది. పొడవాటిది నింపాదిగా ఒరుగుతుంది. ముందు వెనక చక్రాల మధ్య దూరం ఎక్కువున్న కారు కూడా నింపాదిగా తిరుగుతుంది, పొట్టి కారు చటుక్కున తిరుగుతుంది. అందుకే నేర్చుకునేవాళ్లకు మరీ పొట్టి బండి ఇవ్వరు.

ఈ నింపాది ఎందుకంత అవసరమో లెక్క వేసి చూడొచ్చు. కంటికి కనిపించిన మార్పుకు చెయ్యి స్పందించడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. కారు సెకనుకు 60 డిగ్రీల వేగంతో తిరగడం మొదలుపెట్టిందనుకుంటే, చెయ్యి కదిలే లోపే 12 డిగ్రీలు తిరిగిపోయి ఉంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి ఆ కాస్త వ్యవధిలోనే దాదాపు మూడు మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. జరిగాక చూసి స్పందించే మనిషి ఎప్పుడూ వెనకబడే ఉంటాడు. నేర్పరికి ఈ 0.2 సెకను ఏమీ తగ్గదు. కారు మరుక్షణం ఏం చేయబోతోందో ముందే పసిగట్టడం అలవడుతుంది. సాధన ఇచ్చేది ఇదే. మిగతాదంతా దీని చుట్టూ అల్లుకున్నదే.

చెవి, నడుము, చిన్నమెదడు

తోక జారడం మొదలైన సంగతి కంటికన్నా ముందు ఒంటికి తెలుస్తుంది. లోచెవిలో ఉండే మూడు అర్ధవర్తుల కుల్యలు తల తిరుగుడును పసిగడతాయి. వాటి పక్కనే ఉండే చిన్న సంచులు పక్కకు లాగే బలాన్ని గుర్తిస్తాయి. సీటుకు ఆనిన నడుము, తొడలు వెనక ఇరుసు కదలికను నేరుగా అందుకుంటాయి. స్టీరింగ్ బరువు తగ్గడం వేళ్లకు తెలుస్తుంది. టైరు కీచుమనే శబ్దం పట్టు హద్దుకు వచ్చిందని చెబుతుంది. కొత్తగా నేర్చుకునే మనిషికి ఈ కబుర్లన్నీ అందుతూనే ఉంటాయి గానీ వాటి అర్థం తెలియదు. అంతా కలిసి ఒక్క భయంగా తోస్తుంది.

వాటికి అర్థం కల్పించే పనిలో పెద్ద వాటా తల వెనక భాగంలో ఉండే చిన్నమెదడు (అనుమస్తిష్కం)ది. ఒక కదలికకు ఆజ్ఞ ఇచ్చినప్పుడల్లా దాని ఫలితం ఎలా ఉండాలో అది ముందే ఊహిస్తుందని, నిజంగా వచ్చిన ఫలితానికీ ఊహకూ మధ్య తేడాను చూసి తన ఊహను సరిదిద్దుకుంటుందని నాడీశాస్త్రవేత్తలు భావిస్తున్నారు. డేవిడ్ మార్ 1969లో, జేమ్స్ ఆల్బస్ 1971లో చిన్నమెదడు ఇలా నేర్చుకోగలదని సిద్ధాంతాలు ప్రతిపాదించారు. దీని ప్రకారం తప్పు జరగకపోతే నేర్చుకోవడానికి సరుకే ఉండదు. బండి గింగిరం తిరిగిన ప్రతిసారీ ఊహ ఎంత దూరంలో తప్పిందో తెలిపే సమాచారం చిన్నమెదడుకు చేరుతుంది. ఒక్క షరతు: ఆ తప్పు జరిగాక మళ్లీ వెంటనే ప్రయత్నించే వీలుండాలి.

ఒంటి నేర్పు మాటల జ్ఞాపకానికి వేరుగా నిలుస్తుందని చూపిన ప్రసిద్ధమైన కథ హెన్రీ మొలైసన్‌ది. మూర్ఛలను తగ్గించడానికి 1953లో చేసిన శస్త్రచికిత్స తర్వాత ఆయనకు కొత్త సంఘటనలు గుర్తుండటం ఆగిపోయింది. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయనతో అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ చుట్టూ గీత గీయించింది. రోజురోజుకూ ఆయన గీత మెరుగైంది. అయినా ఆ పని అంతకుముందు చేసినట్టు ఆయనకు గుర్తే లేదు. స్టీరింగ్ ఎటు తిప్పాలో తెలియడం ఒక చోటి జ్ఞాపకం, తిప్పగలగడం మరో చోటిది. మొదటిది ఎంత గట్టిగా ఉన్నా రెండోదానికి బదులు కాలేదు. మొదట్లో వేసిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

వలయం, ఎనిమిది అంకె

డ్రిఫ్టింగ్ బడుల్లో మొదటి పాఠం సాధారణంగా ఒకే ఒక్క కోన్‌తో మొదలవుతుంది. విశాలమైన చదును నేలను నీళ్లతో తడిపి, మధ్యలో కోన్ పెట్టి, దాని చుట్టూ జారుతూ తిరగమంటారు. నీళ్లు చల్లడానికి కారణముంది. 10 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వలయంలో జారుతూ తిరగడానికి పొడి నేల మీద గంటకు దాదాపు 30 కిలోమీటర్ల వేగం కావాలి. బాగా జారుడుగా ఉన్న తడినేల మీద 20 చాలు. వేగం మూడో వంతు తగ్గితే బండిలోని గతిశక్తి సగానికన్నా తక్కువవుతుంది. గింగిరం తిరిగినా పోయేదేమీ లేదు, టైర్లు అంతగా అరగవు, ఆలోచించుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

మొదటి గంటలో దాదాపు ప్రతి కొత్త డ్రైవరుకూ ఒకేలా జరుగుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే తోక కదులుతుంది. ఆ కుదుపుకు ఉలిక్కిపడి కాలు పూర్తిగా తీసేస్తారు. వెనక చక్రాలకు పట్టు ఒక్కసారిగా తిరిగివస్తుంది. స్టీరింగ్ ఇంకా ఎదురు వైపే ఉండిపోవడంతో కారు వలయంలోంచి బయటికి దూకుతుంది. రెండోసారి కాలు తీయకుండా తొక్కిపట్టి ఉంచుతారు, బండి బొంగరమవుతుంది. ఈ రెండు తప్పుల మధ్య ఉన్న సన్నటి చోటు కాలికి దొరకాలి. దాన్ని మాటల్లో ఎవరూ చూపించలేరు. శిక్షకుడు ‘ఇంకాస్త, ఇంకాస్త, చాలు’ అనడం తప్ప చేయగలిగింది కొంచెమే.

చేతుల సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. కారు ముందు చక్రాల అమరికలోనే, బండి పోతున్న దిక్కుకు వాటంతట అవి తిరిగే గుణం ఉంటుంది. తోక జారగానే డ్రైవరు పట్టు సడలిస్తే స్టీరింగ్ దానంతట అదే సుడి తిరుగుతూ ఇంచుమించు సరైన చోటికి వెళ్తుంది. అనుభవజ్ఞుల చేతుల్లోంచి చక్రం జారుతూ పోవడం, సరైన క్షణాన వేళ్లు దాన్ని మెత్తగా అందుకోవడం పక్క సీట్లో కూర్చుంటే స్పష్టంగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు భయంతో పిడికిళ్లు బిగించి, ఆ సాయాన్ని తామే అడ్డుకుంటారు. వాళ్ల అరచేతులు చెమటతో తడిసి ఉంటాయి, మోచేతులు పక్కటెముకలకు అతుక్కుపోయి ఉంటాయి. వదలడం నేర్చుకోవడం పట్టుకోవడం నేర్చుకోవడం కన్నా కష్టం. ఎక్కువ కాలం పట్టేదీ ఇదే.

చూపును కూడా మార్చుకోవాలి. కర్రను నిలబెట్టే పిల్లలు చేతిని చూడరు, కర్ర కొసను చూస్తారు. మైకేల్ లాండ్, డేవిడ్ లీ 1994లో ప్రచురించిన అధ్యయనంలో, డ్రైవర్లు మలుపుకు ఒకటి రెండు సెకన్ల ముందే లోపలి అంచు మీది ఒక బిందువు వైపు చూపు తిప్పుతారని తేలింది. డ్రిఫ్టింగ్‌లో కారు అడ్డంగా సాగుతుంది కనుక వెళ్లవలసిన చోటు తరచూ పక్క కిటికీలోంచే కనబడుతుంది. బానెట్ మీద చూపు పెట్టుకున్నంతకాలం చేతులు ఆలస్యమవుతూనే ఉంటాయి.

వలయం నిలకడపడితే బండి ఎంతసేపైనా జారుతూ తిరగగలదు. అమెరికాలోని స్పార్టన్‌బర్గ్ శిక్షణ కేంద్రంలో 2017 డిసెంబరులో ఒక బీఎండబ్ల్యూ ఎం5 కారు తడి నేల మీద ఎనిమిది గంటల్లో 374 కిలోమీటర్లు ఆగకుండా జారింది. పక్కనే జారుతూ వచ్చిన మరో కారులోంచి దానికి పెట్రోలు పట్టారు. నేర్చుకునేవాళ్లకు మాత్రం అంతసేపు ఒకే వలయం చుట్టడం వల్ల మేలు లేదు. ఆ వలయం ఒక్కటే బాగా వస్తుంది.

తర్వాతి మెట్టు రెండు కోన్‌ల చుట్టూ ఎనిమిది అంకె. ఎడమ వలయంలోంచి కుడి వలయంలోకి మారే చోట జారుడును ఒక వైపు చంపి రెండో వైపు పుట్టించాలి. కర్రను ఒక పక్కకు పడనిచ్చి అవతల అందుకున్నట్టే. కాలు సడలగానే బరువు ముందుకు వస్తుంది, తోక తేలికపడి అటు నుంచి ఇటు ఊగుతుంది, స్టీరింగ్ ఒక కొస నుంచి రెండో కొసకు పరుగెత్తుతుంది, ఊపు ఆగే చోట యాక్సిలరేటర్ మళ్లీ అందుకోవాలి. తొందరపడితే తోక ఊగదు, ఆలస్యమైతే ఆగదు. డ్రిఫ్టింగ్ అంటే నిజంగా ఏమిటో తెలిసేది ఈ ఎనిమిది అంకెలోనే. వలయం దానికి ఓనమాలు మాత్రమే.

వేగంగా మలుపులోకి వస్తూ జారుడు మొదలుపెట్టే పద్ధతులు ఆ తర్వాత వస్తాయి. హ్యాండ్‌బ్రేక్ లాగి వెనక చక్రాలను క్షణం బిగించడం అన్నిటికన్నా సులభం. క్లచ్‌ను చటుక్కున తొక్కి వదిలి ఇంజను ఊపును ఒక్కసారిగా వెనక చక్రాల మీద పడేయడం రెండోది, దీన్ని క్లచ్ కిక్ అంటారు. ముందు మలుపుకు వ్యతిరేక దిశలో కాస్త తిప్పి, బరువు అటు ఒరిగాక ఇటు లాగడం మూడోది. ర్యాలీ డ్రైవర్లు దీన్ని స్కాండినేవియన్ ఫ్లిక్ అంటారు.

సాధనను ఎలా పంచుకోవాలన్న దాని మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన పని ఇక్కడ అక్కరకు వస్తుంది. జాన్ షే, రాబిన్ మోర్గాన్ 1979లో చేసిన ప్రయోగంలో కొందరు ఒకే కదలికను వరసగా చేసి, అది పూర్తయ్యాకే రెండోదానికి వెళ్లారు. ఇంకొందరు మూడు కదలికలను కలగలిపి చేశారు. సాధన వేళ మొదటి జట్టే ముందుంది. పది రోజుల తర్వాత పరీక్షిస్తే కలగలిపి చేసినవాళ్లకే బాగా నిలిచింది. డ్రిఫ్టింగ్‌లోనూ ఎడమ, కుడి, చిన్న వలయం, పెద్ద వలయం, ఎనిమిది అంకె మార్చి మార్చి చేస్తే ఆ రోజుకు తప్పులు ఎక్కువ కనిపిస్తాయి గానీ నేర్పు ఎక్కువ కాలం నిలుస్తుంది. నున్నగా సాగిపోయిన రోజే బాగా నేర్చుకున్న రోజు అనుకోవడం పొరపాటు.

పొడి నేల మీదికి వచ్చాక టైర్ల మచ్చలే పరీక్షా పత్రం. కారు దిగి వెనక్కి నడిస్తే వెనక చక్రాలు గీసిన నల్లటి గీతలు కనిపిస్తాయి. గీత ఒకే మందాన, ఒకే వంపుతో సాగితే కాలు నిలకడగా ఉందని అర్థం. ముదురు, లేత ముక్కలుగా తెగి ఉంటే కాలు పెడల్ మీద పొడుస్తోందని అర్థం. బండికీ మనిషికీ మధ్యమధ్య విరామం కావాలి. టైర్లు, ఇంజను చల్లబడే ఆ వ్యవధిలోనే ఈ గీతలు చూసుకోవచ్చు.

పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ 1967లో ఒంటి నేర్పు మూడు దశల్లో వస్తుందన్నారు. మొదట ప్రతి కదలికనూ ఆలోచించి చేయడం, తర్వాత కదలికలు ఒకదానికొకటి అతుక్కోవడం, చివరికి ఆలోచన లేకుండానే జరిగిపోవడం. డ్రిఫ్టింగ్‌లో ఈ మూడో దశకు చేరిన గుర్తు ఒకటుంది. డ్రైవరు జారుతూనే పక్క సీటు మనిషితో మామూలుగా మాట్లాడగలుగుతాడు.

తెర మీద, రోడ్డు మీద

టైర్ల ఖర్చు భరించలేనివాళ్లు ఇప్పుడు స్టీరింగ్, పెడల్స్ ఉన్న సిమ్యులేటర్ మీద సాధన చేస్తున్నారు. చూపు ఎటు ఉండాలి, ఎదురు స్టీరింగ్ ఎప్పుడు తీసేయాలి అన్నవి తెర మీద బాగానే వస్తాయి. ఊగని కుర్చీ మీద లోచెవికీ నడుముకూ మాత్రం ఏ కబురూ అందదు. సిమ్యులేటర్‌లో ఆరితేరినవాళ్లు మొదటిసారి నిజమైన కారు ఎక్కితే చేతులకు దారి తెలుసు గానీ ఒళ్లు కొత్తగా నేర్చుకోవాలి. నష్టం ఏమీ లేదు, ఆ నేర్పులో సగం ముందే చేతికి వచ్చినట్టు.

ఈ విద్య వస్తే మామూలు రోడ్డు మీద ప్రమాదాలు తప్పుతాయా అన్నది వేరే ప్రశ్న. దానికి వచ్చిన సమాధానాలు ఉత్సాహాన్ని కొంత తగ్గించేవే. 1980లలో నార్వేలో జారుడు రోడ్ల శిక్షణ పొందిన యువకుల్లో అలాంటి ప్రమాదాలు తగ్గకపోగా పెరిగినట్టు పరిశీలనలో తేలింది. స్వీడన్‌లో 1996లో వెలువడిన గ్రెగర్సన్ అధ్యయనం కారణాన్ని సూచించింది. నేర్పు పెంచుకోవాలన్న దృష్టితో శిక్షణ పొందినవాళ్లు, తమ నేర్పుకు హద్దులున్నాయని చూపించిన శిక్షణ పొందినవాళ్ల కన్నా నిజంగా మెరుగ్గా నడపలేదు, కానీ మెరుగ్గా నడపగలమని అనుకున్నారు. జారే క్షణాన అక్కరకు వచ్చే నేర్పు కన్నా, జారే పరిస్థితికి దూరంగా ఉండే జాగ్రత్త ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. మొదటి వాన పడగానే రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జిగటగా మారే మన దారుల్లో ఈ సంగతి మరీ నిజం. మంచు కురిసే అమెరికా రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగువారికీ అంతే.

పైగా ఇప్పటి కార్లలో చాలావాటికి ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉంటుంది. 1995లో మొదట మెర్సిడెస్ కార్లలో వచ్చిన ఈ ఏర్పాటు, బండి డ్రైవరు తిప్పినదాని కన్నా ఎక్కువ తిరుగుతోందని గమనించి ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేస్తుంది. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి ఇది తప్పనిసరి. డ్రిఫ్టింగ్ సాధనకు దీన్ని ఆపేయాలి, రోడ్డు మీద ఎప్పుడూ ఆపకూడదు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్‌నూ, 189వ సెక్షన్ రోడ్ల మీద అనుమతి లేని పందేలనూ శిక్షార్హం చేశాయి. రాత్రిపూట ఖాళీ రింగ్ రోడ్డు సాధనకు మైదానం కాదు. అక్కడ తప్పు చేస్తే మళ్లీ ప్రయత్నించే వీలుండదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు దగ్గర కారి లాంటి రేసు ట్రాకులే అందుకు తగిన చోట్లు.

ముందు కారు, వెనక కారు

డ్రిఫ్టింగ్‌లో అన్నిటికన్నా పై మెట్టు జంటగా జారడం. ముందు కారు తన దారి తాను ఎంచుకుంటుంది. వెనక కారు దాని తలుపును దాదాపు ఆనుకుని అదే కోణంలో, అదే వేగంతో సాగాలి. ముందు డ్రైవరు తప్పు చేస్తే వెనక డ్రైవరు అది జరగకముందే పసిగట్టాలి. అందువల్ల వెనక డ్రైవరు తన కారును పూర్తిగా ఒంటికి వదిలేసి, కళ్లనూ ఆలోచననూ ముందు కారు మీద పెట్టగలగాలి. మూడో దశకు చేరనివాళ్లు ఈ పని చేయలేరు.

యంత్రాలకు కూడా డ్రిఫ్టింగ్ తేలిగ్గా రాలేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ గెర్డెస్ బృందం 1981 నాటి డెలోరియన్ కారును విద్యుత్ కారుగా మార్చి 2015లో వలయాల్లో తిప్పింది. 2019లో అదే కారు డ్రైవరు ప్రమేయం లేకుండా దాదాపు కిలోమీటరు పొడవున్న మలుపుల దారిలో జారుతూ వెళ్లింది. 2024లో ఆ బృందం టొయోటా పరిశోధన సంస్థతో కలిసి కాలిఫోర్నియాలోని థండర్‌హిల్ ట్రాకులో రెండు సుప్రా కార్లను వాటంతట అవే జంటగా జారేలా చేసింది. వాటి కంప్యూటర్లు స్టీరింగ్, యాక్సిలరేటర్, బ్రేకు లెక్కలను సెకనుకు 50 సార్ల వరకు తిరిగి వేసుకుంటాయి. టైరు వేడెక్కి అరిగే కొద్దీ పట్టు మారిపోతుంది కాబట్టి ముందే రాసిపెట్టిన సూత్రం ఒక్కటే సరిపోలేదు. వెనక కారుకు తన టైర్ల ప్రవర్తనను అనుభవం నుంచి నేర్చుకునే నాడీజాల నమూనాను అమర్చారు. ట్రాకు మీదికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఆ నమూనా తన ఊహకూ జరిగినదానికీ మధ్య తేడాను చూసుకుని కొంచెం మెరుగవుతుంది.